డేటా పోకుండా డిస్క్ పార్టిషన్ల సైజు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బాగానే పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌ను మూలన పడేయలేక, విండోస్ పక్కనే లినక్స్ కూడా వేసుకుందామనుకునేవాళ్లు అప్పటి నుంచి తరచూ తారసపడుతున్నారు. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ హాస్టల్ గదిలో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌తోనే అన్నీ నేర్చుకోవాల్సిన విద్యార్థులు, సి డ్రైవ్ నిండి ఎర్రగీత కనిపించగానే కంగారుపడే డీటీపీ సెంటర్ల వాళ్లు, సర్వర్ డిస్క్ నిండిపోయిందని రాత్రిపూట ఫోన్ చేసే గచ్చిబౌలి ఉద్యోగులు, అందరూ అడిగేది ఒకటే: ఉన్న డేటా పోకుండా సైజు మార్చవచ్చా? మార్చవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తెలియాలి, బ్యాకప్ ఉండాలి, పని మధ్యలో కరెంటు పోకూడదు. కింది జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూ తిరిగేవే.

పార్టిషన్, ఫైల్ సిస్టమ్ రెండూ ఒకటే కదా?

కాదు. సైజు మార్చబోయి డేటా పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది తడబడింది ఇక్కడే. పార్టిషన్ ప్లాటు లాంటిది, ఫైల్ సిస్టమ్ ఆ ప్లాటులో కట్టిన ఇల్లు. ప్లాటు హద్దులు లేఅవుట్ కాగితంలో రాసి ఉన్నట్టు, ఏ పార్టిషన్ డిస్క్‌లో ఏ సెక్టార్ (డిస్క్‌ను విభజించే చిన్న ముక్క) దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో పార్టిషన్ టేబుల్‌లో రాసి ఉంటుంది. కాగితం మీద హద్దు జరిపినంత మాత్రాన ఇల్లు దానంతట అది చిన్నది కాదు. ఇంకా ఒక గది అవతలి పక్క ఉండగానే ఆ జాగా వేరొకరికి రాసిస్తే ఏమవుతుందో, ఫైల్ సిస్టమ్‌ను తగ్గించకుండా పార్టిషన్‌ను తగ్గిస్తే అదే అవుతుంది.

అందుకని తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, తర్వాత పార్టిషన్. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్ సిస్టమ్. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్, లినక్స్‌లో నడిచే జీపార్టెడ్ వంటి పనిముట్లు ఈ రెండు పనులనూ సరైన వరుసలో తామే చేసుకుంటాయి. కమాండ్ లైన్‌లో చేసేవాళ్లు మాత్రం ఈ వరుసను తామే పాటించాలి.

అసలు సైజు మార్చాల్సిన అవసరం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు ఉండదు. సి డ్రైవ్ నిండిందంటే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్, పాత విండోస్ అప్‌డేట్ ఫైళ్లు చూడండి. లినక్స్‌లో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) సరిపోవడం లేదంటే దానికోసం పార్టిషన్‌ను కదపనక్కరలేదు, స్వాప్ ఫైలు పెట్టుకుంటే చాలు. డెస్క్‌టాప్‌లో ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టే వీలుంటే అది అన్నింటికన్నా క్షేమం. ఇవేవీ కుదరవని తేలాకే కింది జవాబులకు రండి.

బ్యాకప్ తప్పనిసరా? డి డ్రైవ్‌లో ఒక కాపీ ఉంది కదా.

తప్పనిసరి. డి డ్రైవ్ అదే డిస్క్‌లో ఉంటే అది బ్యాకప్ కాదు, ఎందుకంటే మీరు మార్చబోయే పార్టిషన్ టేబుల్ సికీ డికీ కూడా ఒక్కటే. కాపీ వేరే పరికరంలో ఉండాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మేలు. పెన్ డ్రైవ్ వాడితే అది ఫ్యాట్32లో ఉందేమో చూసుకోండి, అందులో 4 జీబీ లేదా అంతకు మించిన ఒక్క ఫైలు పట్టదు. కాపీ చేసేటప్పుడు పెద్ద పెళ్లి వీడియో ఒక్కటి దాటిపోయిందని ఆ తర్వాత తెలిసి బాధపడే బదులు, దాన్ని ముందే ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసుకోండి.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు పెట్టి, నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి. ఫోల్డర్ పేర్లు కనిపించినంత మాత్రాన లోపలి ఫైళ్లు బాగున్నట్టు కాదు.

డీటీపీ చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పాత పేజ్‌మేకర్ ఫైళ్లలో తెలుగు యూనికోడ్‌లో ఉండదు, అను వంటి ఫాంట్ల సొంత సంకేతాల్లో ఉంటుంది. ఫైళ్లు దాచి ఫాంట్లు దాచకపోతే, తిరిగి తెరిచినప్పుడు శుభలేఖ బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్ల ఫోల్డర్‌ను, కీబోర్డు సాఫ్ట్‌వేర్‌ను కూడా కాపీ చేయండి.

ఇంకో చిన్న పని చేయండి. పార్టిషన్ల మొదటి, చివరి సెక్టార్ నంబర్లు కనిపించేలా తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. లినక్స్‌లో అయితే ఎస్‌ఎఫ్‌డిస్క్ అనే ఆదేశం పార్టిషన్ టేబుల్ మొత్తాన్ని ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా రాసిస్తుంది. దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి. డిస్క్ మీది డేటా అలాగే ఉండి టేబుల్ ఒక్కటే చెడితే, ఆ కొన్ని అంకెలతోనే అన్నీ తిరిగి వస్తాయి.

డిస్క్ పాతది. ఏమైనా పరీక్ష చేయాలా?

చేయాలి. డిస్క్ తన ఆరోగ్య వివరాలను స్మార్ట్ అనే పట్టికలో తానే రాసుకుంటుంది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌కంట్రోల్ ఆ పట్టికను చూపిస్తాయి. హార్డ్ డిస్క్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే, లేదా డిస్క్ నుంచి టక్‌టక్‌మని శబ్దం వస్తుంటే సైజు మార్చే ఆలోచన మానుకోండి. ముందు డేటాను బయటకు తీయండి. సైజు మార్చడమంటే వందల జీబీలు చదివి మళ్లీ రాయించడం కావచ్చు. ఆ శ్రమకు అలాంటి డిస్క్ తట్టుకోదు.

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది?

ఏ పని జరుగుతుండగా పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పార్టిషన్ చివరి హద్దును పెంచుతుండగా పోతే సాధారణంగా ప్రమాదం తక్కువ, ఫైల్ సిస్టమ్ తనిఖీతో సర్దుకుంటుంది. తగ్గించేటప్పుడు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే చివర ఉన్న ఫైళ్లను ముందుకు జరుపుతుంటుంది. పార్టిషన్ మొదటి హద్దును జరుపుతుండగా పోతే మాత్రం నిజంగా కష్టం. అప్పుడు డేటా మొత్తం ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ అవుతూ ఉంటుంది. సగం పాత చోట, సగం కొత్త చోట ఉండిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచి, కొమ్మ విరిగి తీగ మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేని ఊరు మనది. ఆ రోజుల్లో ఈ పని తెల్లవారుజామున మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ పూర్తిగా నింపి, ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ ఉబ్బిపోయో అరిగిపోయో ఉన్న ల్యాప్‌టాప్‌ను నమ్మవద్దు. డెస్క్‌టాప్ కింద ఉండే చిన్న 600 వీఏ యూపీఎస్ ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునేందుకు కొన్ని నిమిషాలు ఇస్తుంది, అంతే. గంటలు పట్టే పనికి అది ఆసరా కాదు. ఇంటి ఇన్వర్టర్ మీద ఉన్నవాళ్లు దాని వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి, లేకపోతే కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది.

విండోస్‌లో 200 జీబీ ఖాళీ ఉంది. కానీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోని ష్రింక్ వాల్యూమ్‌లో చాలా తక్కువే తగ్గించుకోనిస్తోంది. ఎందుకు?

ఖాళీ ఎంత ఉందన్నది కాదు, ఆ ఖాళీ ఎక్కడ ఉందన్నది లెక్క. విండోస్ తాను నడుస్తుండగా కదపలేని ఫైళ్లు కొన్ని ఉంటాయి. ర్యామ్‌కు సాయంగా ఉండే పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు, విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ తన సొంత లెక్కలు రాసుకునే మాస్టర్ ఫైల్ టేబుల్ ముక్కలు అలాంటివి. వాటిలో ఒక్కటి పార్టిషన్ మధ్యలో కూర్చుని ఉన్నా, దాన్ని దాటి హద్దు లోపలికి రాదు.

హైబర్నేషన్ ఆపేయండి. పేజ్‌ఫైల్‌ను తాత్కాలికంగా లేకుండా చేయండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి పాత రీస్టోర్ పాయింట్లు తీసేయండి. రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఇంకా తగ్గకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ వెతకండి. అడ్డంగా ఉన్న చివరి కదలని ఫైలు పేరు అందులో రాసి ఉంటుంది. ఈ సంగతి తెలియక డబ్బు పెట్టి పార్టిషన్ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు ఉన్నారు.

ష్రింక్ వాల్యూమ్ డబ్బాలో అంకె వేసేముందు ఒక్క క్షణం ఆగండి. విండోస్ అక్కడ అడిగేది ఎంత తగ్గించాలని, చివరికి ఎంత ఉండాలని కాదు. పైగా ఎంబీల్లో అడుగుతుంది. 60 జీబీ విడదీయాలంటే 61440 అని వేయాలి. జీపార్టెడ్‌లో దీనికి వ్యతిరేకం: అక్కడ కొత్త సైజు వేస్తారు. ఒకదానికి అలవాటుపడి రెండోదానిలో అంకె వేస్తే ఫలితం తలకిందులవుతుంది.

ఖాళీ జాగా కనిపిస్తూనే ఉంది, కానీ ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మసకగా ఉంది, నొక్కలేకపోతున్నాను.

డిస్క్ మేనేజ్‌మెంట్ సి డ్రైవ్‌ను దానికి కుడి పక్కన ఆనుకుని ఉన్న ఖాళీలోకే పెంచగలదు. మధ్యలో ఇంకేదైనా ఉంటే కుదరదు. చాలా ల్యాప్‌టాప్‌లలో సి పక్కనే కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్ ఉంటుంది, చిన్నదే అయినా దారికి అడ్డం. చిన్న డిస్క్ నుంచి పెద్ద ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేయించుకున్నవాళ్లకు ఇది దాదాపు ఖాయం, ఎందుకంటే కొత్త జాగా అంతా ఆ రికవరీ పార్టిషన్‌కు అవతల మిగిలిపోతుంది.

దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను ఇవ్వను. విండోస్ తెరుచుకోని రోజున పనికొచ్చేది అదే. రీఏజెంట్‌సీ అనే ఆదేశంతో రికవరీని ముందు డిసేబుల్ చేసి, జీపార్టెడ్‌లో ఆ చిన్న పార్టిషన్‌ను డిస్క్ చివరకు జరిపి, విండోస్‌లోకి తిరిగి వచ్చి సి డ్రైవ్‌ను పెంచి, రికవరీని మళ్లీ ఎనేబుల్ చేయండి. పార్టిషన్ చిన్నది కాబట్టి జరపడానికి నిమిషాలే పడుతుంది. ఎలాగూ కదుపుతున్నారు కాబట్టి దాన్ని కాస్త పెద్దది కూడా చేయండి. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చి, అది లేని కంప్యూటర్లలో ఎర్రర్ చూపించి ఆగిపోయింది.

డి డ్రైవ్‌లో ఖాళీ ఉంది. అందులోంచి సికి ఇవ్వవచ్చా?

మన దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే సి, డి, ఇ అని విభజించి ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువ. డిని తగ్గిస్తే ఖాళీ దాని కుడి పక్కన వస్తుంది. సికి కావాల్సింది డికి ఎడమ పక్కన. అంటే డి మొదటి హద్దును జరపాలి, అందులోని డేటా అంతా కదలాలి. హార్డ్ డిస్క్ మీద 400 జీబీ డేటా ఉన్న పార్టిషన్‌ను జరపడమంటే గంటల పని, పైన చెప్పినట్టు ప్రమాదకరమైన పని కూడా.

డిలోని ఫైళ్లను బయటి డిస్క్‌కు కాపీ చేసి, సరిగ్గా వచ్చాయని చూసి, డిని తీసేసి, సిని పెంచి, మిగిలిన జాగాలో కొత్తగా డి చేసి, ఫైళ్లు తిరిగి పెట్టుకోవడం మేలు. ఎలాగూ బ్యాకప్ తీస్తున్నారు కదా, అదే దారి అవుతుంది. తరచూ త్వరగా కూడా అవుతుంది. డిలో ఏవైనా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ అయి ఉంటే కొత్త పార్టిషన్‌కు కూడా డి అనే అక్షరమే ఇవ్వండి.

బిట్‌లాకర్ ఉందో లేదో నాకు తెలియదు. పర్వాలేదా?

పర్వా ఉంది. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ పక్కన బిట్‌లాకర్ ఎన్‌క్రిప్టెడ్ అని ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతికి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో లేనిదే పార్టిషన్లను, బూట్ సెట్టింగులను తాకవద్దు. తగ్గించడం విండోస్ లోపలి నుంచే చేయండి, మార్పులకు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. కీ లేకుండా తాళం పడితే ఆ డేటాను ఏ షాపూ తీయలేదు.

జీపార్టెడ్ విండోస్ పార్టిషన్‌ను మార్చడానికి ఒప్పుకోవడం లేదు.

విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ దీనికి మామూలు కారణం. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళుతుంది. ఫైల్ సిస్టమ్ ఇంకా వాడుకలో ఉందన్న గుర్తు అలాగే మిగులుతుంది. ఆ గుర్తును చూసి జీపార్టెడ్ ఆగడం మీ మంచికే. దాన్ని బలవంతపెట్టే మార్గాలు వెతకవద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఆపి, షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. అయినా ఒప్పుకోకపోతే విండోస్‌లో చెక్‌డిస్క్ (ఫైల్ సిస్టమ్ తప్పులు వెతికే తనిఖీ) నడిపి, రీస్టార్ట్ చేయనిచ్చి, ఆ తర్వాత మళ్లీ చూడండి.

నియమం ఒకటి గుర్తుంచుకోండి: విండోస్ పార్టిషన్‌ను వీలైనంతవరకు విండోస్‌తో, లినక్స్ పార్టిషన్‌ను లినక్స్‌తో మార్చండి.

జీపార్టెడ్‌లో తప్పు నొక్కితే వెంటనే అన్నీ పోతాయా?

వెంటనే పోవు. మీరు చెప్పిన పనులన్నీ కింద ఒక జాబితాలో చేరుతూ ఉంటాయి. పైన ఉన్న టిక్ గుర్తు నొక్కేదాకా డిస్క్ మీద ఏమీ జరగదు. ఆ జాబితాను నెమ్మదిగా, పైకి చదవండి. అందులో మీరు అనుకోని మూవ్ అన్న మాట కనిపిస్తే, ఎడమ హద్దును పొరపాటున లాగారన్నమాట. రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టండి. డిస్క్ పేరు కూడా చూసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి ఉంటే రెండింటి పేర్లలో తేడా ఒక్క అక్షరమే, కాబట్టి బ్యాకప్ అవగానే దాన్ని తీసి పక్కన పెట్టండి.

లినక్స్‌లో కమాండ్లతో ఈఎక్స్‌టీ4ను తగ్గిస్తున్నాను. ఏం చూసుకోవాలి?

లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4ను మౌంట్ అయి (వాడుకలో) ఉండగా పెంచవచ్చు, తగ్గించలేం. లినక్స్ ఉండే రూట్ పార్టిషన్ అయితే లైవ్ పెన్ డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) నుంచి బూట్ చేయండి. ముందు ఫైల్ సిస్టమ్ తనిఖీ, తర్వాత ఫైల్ సిస్టమ్ సైజు మార్చే రీసైజ్2ఎఫ్‌ఎస్, ఆ తర్వాత పార్టెడ్ వంటి ఆదేశంతో పార్టిషన్.

కొలతల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండండి. రీసైజ్2ఎఫ్‌ఎస్‌కు 100జీ అంటే 1024 లెక్కన గిబీబైట్లు. పార్టెడ్‌కు 100జీబీ అంటే 1000 లెక్కన. మొదటిది దాదాపు 107.4 జీబీ. ఫైల్ సిస్టమ్‌ను 100జీకి తగ్గించి, పార్టిషన్‌ను 100జీబీకి కోశారంటే చివరి 7 జీబీ పైచిలుకు తెగిపోతుంది. కావాల్సింది 100 గిబీబైట్లు అనుకుంటే, ఫైల్ సిస్టమ్‌ను ముందు 90జీకి తగ్గించండి. పార్టిషన్ పొడవు సరిగ్గా 100 గిబీబైట్లు వచ్చేలా చివరి హద్దు పెట్టండి. పార్టెడ్ అడిగేది చివరి హద్దు ఎక్కడన్నది, పొడవెంత అన్నది కాదు. ఆ తర్వాత సైజేమీ చెప్పకుండా రీసైజ్2ఎఫ్‌ఎస్ మరోసారి నడపండి. అది పార్టిషన్ అంచుదాకా తానే సర్దుకుంటుంది. ఒక అడుగు ఎక్కువైనా, పొరపాటుకు చోటుండదు.

ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్‌ను తీసి మళ్లీ రాస్తుంటే మొదటి సెక్టార్ నంబరు పాతదే ఇవ్వండి. చాలా డిస్క్‌లలో మొదటి పార్టిషన్ 2048 దగ్గర మొదలవుతుంది, కానీ ఊహించవద్దు, ఫొటో చూసి వేయండి. పాత ఫైల్ సిస్టమ్ గుర్తును చెరిపేయాలా అని అడిగితే వద్దనండి.

ఆఫీసు సర్వర్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంది. తగ్గించవచ్చా?

ఆచరణలో తగ్గించలేమనే అనుకోండి, పెంచడం మాత్రం మౌంట్ అయి ఉండగానే సులువు. రెడ్ హ్యాట్ 2014లో విడుదల చేసిన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నే మామూలు ఎంపికగా పెట్టింది కాబట్టి, ఆఫీసుల్లో ఇది ఎక్కువగా ఎదురవుతుంది. చిన్నది కావాలంటే కొత్త ఫైల్ సిస్టమ్ చేసి డేటాను అందులోకి కాపీ చేయాల్సిందే. ఇంకో లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు.

క్లౌడ్‌లోనూ వరుస అదే. అమెజాన్ 2022 నవంబర్‌లో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌లో మీ మెషీన్ ఉందనుకుందాం. ముందు స్నాప్‌షాట్ (ఆ క్షణపు డిస్క్ కాపీ), తర్వాత కన్సోల్‌లో డిస్క్ పెంచడం, ఆపైన గ్రో‌పార్ట్‌తో పార్టిషన్, చివర ఫైల్ సిస్టమ్. కన్సోల్‌లో పెంచి లోపల పెంచడం మరచిపోయి, ఇంకా నిండిపోయినట్టే చూపిస్తోందని అడిగేవాళ్లే ఎక్కువ. పెంచిన డిస్క్‌ను అక్కడ తిరిగి తగ్గించే వీలు లేదు. అవసరమైనంతే పెంచండి.

డైనమిక్ డిస్క్‌గా మార్చమంటారా అని విండోస్ అడిగింది.

వద్దనండి. పాత ఎంబీఆర్ పద్ధతి పార్టిషన్ టేబుల్ ఉన్న డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి, ఐదోది చేయబోతే ఈ ప్రశ్న వస్తుంది. ఒప్పుకుంటే జీపార్టెడ్ వంటివి ఆ డిస్క్‌ను సరిగా మార్చలేవు. విండోస్ సొంత పనిముట్లతో వెనక్కి రావాలంటే అన్ని వాల్యూములూ తీసేయాలి.

256 జీబీ ఎస్‌ఎస్‌డీలో 238 జీబీయే చూపిస్తోంది. మిగతాది దొరుకుతుందా?

దొరకదు, పోనూ లేదు. తయారీదారు 1000 లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తారు.

మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు డ్రైవ్ తెరవబోతే ఫార్మాట్ చేయాలా అని అడుగుతోంది.

చేయవద్దు. చెక్‌డిస్క్ కూడా నడపవద్దు, కొత్తగా ఏదీ కాపీ చేయవద్దు. డిస్క్ మీద రాసే ప్రతి అక్షరం తిరిగి వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది. కంప్యూటర్‌ను ఆపండి. బ్యాకప్ ఉంటే ఊపిరి పీల్చుకుని కొత్తగా పార్టిషన్లు చేసుకోండి. లేకపోతే లైవ్ లినక్స్ నుంచి డీడీరెస్క్యూతో ఆ డిస్క్ మొత్తాన్ని వేరే డిస్క్ మీదకు ప్రతి తీసి, ఆ ప్రతి మీద టెస్ట్‌డిస్క్ నడపండి. పార్టిషన్ హద్దులే చెరిగి ఉంటే అది వెతికి పెడుతుంది. ఫొటో తీసుకున్న సెక్టార్ నంబర్లు ఇక్కడ ఉపయోగపడతాయి.

నావల్ల కాదు. షాపుకు తీసుకెళ్తే?

తప్పకుండా వెళ్లండి, తెలియని పని చేయకపోవడంలో చిన్నతనం లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర ఈ పని తెలిసినవాళ్లు ఉంటారు. డిస్క్ చేతికిచ్చే ముందు రెండు మాటలు అడగండి: అసలు డిస్క్ మీద కాకుండా దాని ప్రతి మీద పనిచేస్తారా, పని మొదలుపెట్టే ముందు ఏమేం తిరిగి వస్తాయో జాబితా చూపిస్తారా. ముందు విండోస్ మళ్లీ వేసి తర్వాత డేటా చూద్దామనే చోట ఇవ్వవద్దు.

అంతా సవ్యంగా అయింది. ఇక చేయాల్సింది ఏమైనా ఉందా?

విండోస్‌ను, లినక్స్‌ను రెండింటినీ ఒక్కోసారి తెరిచి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, మళ్లీ తెరవండి. ఫైల్ సిస్టమ్ తనిఖీ ఒకసారి నడపండి. పెద్ద ఫైళ్లు, పాత ఫైళ్లు కొన్నింటిని తెరిచి చూడండి. సైజు మార్చినంత మాత్రాన పార్టిషన్ గుర్తింపు సంఖ్య, అంటే యూయూఐడీ, మారదు, కానీ తీసి కొత్తగా ఫార్మాట్ చేసినది ఉంటే లినక్స్ బూట్ అయ్యేటప్పుడు చూసే పార్టిషన్ల జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో కొత్త యూయూఐడీ రాయండి, లేకపోతే లినక్స్ బూట్ అయ్యేటప్పుడు చాలాసేపు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లవచ్చు. ఆపిన పేజ్‌ఫైల్‌ను, సిస్టమ్ ప్రొటెక్షన్‌ను తిరిగి ఆన్ చేయండి, సస్పెండ్ చేసిన బిట్‌లాకర్‌ను కూడా. విండోస్ పార్టిషన్‌ను లినక్స్ నుంచి వాడేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్‌ను మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. బ్యాకప్ డిస్క్‌ను కనీసం రెండు వారాలు చెరపకండి. అరుదుగా తెరిచే ఫైళ్లలో ఏదైనా తేడా ఉంటే అది బయటపడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది.